ఇంటి దగ్గర బొంత కుట్టే అక్కకి మజూరి ఎంత, టిప్పు ఎంత: లెక్క వేసే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా

చలి మొదలయ్యే ముందు ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. అమ్మమ్మ చీరలున్నాయి, మా బస్తీలో ఒక అక్క ఇంట్లోనే బొంతలు కుడుతుంది, ఎంతివ్వాలి, బేరం ఆడొచ్చా, టిప్పు ఇస్తే బాగుంటుందా బాగోదా అని. చుట్టుపక్కల వాళ్లని అడిగితే ఒకరు ఐదొందలంటారు ఇంకొకరు మూడువేలంటారు, ఇద్దరూ ఏ సైజు, ఎన్ని పొరలు, చేతి కుట్టా మిషన్ కుట్టా అనేది చెప్పరు, అందుకే ఆ నంబర్లు మనకి పనికిరావు.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. బడ్జెట్ తక్కువుంటే పని తగ్గించుకోండి, ఆమె గంట రేటు తగ్గించకండి. మజూరి పూర్తిగా ఇచ్చాక పైన ఇచ్చేదే టిప్పు. ఇక ఎలా లెక్కెయ్యాలో వరసగా చూద్దాం.

1. మూట కట్టే ముందు మీ ఇంట్లో అవ్వాల్సిన పని

డబ్బుల దగ్గర వచ్చే పేచీలు చాలావరకు ఇక్కడే పుడతాయి. బీరువాలోంచి తీసిన చీరలు తీసినట్టే మూట కట్టి ఇచ్చేస్తాం, ఆమె వాటిని ఉతికి ఆరేసి, ఫాల్ విప్పి, చిరుగులు వెతుక్కుని అప్పుడు కుట్టడం మొదలుపెడుతుంది, ఆ గంటలు ఎవరి లెక్కలోకీ రావు. మీరే చేసి ఇవ్వండి, లేదా ఆ పనికి కూడా డబ్బులు కట్టండి.

చెక్‌లిస్ట్:
- గంజి పెట్టిన కాటన్ చీరలైతే గంజి పూర్తిగా పోయేదాకా ఉతకండి. గంజి బట్ట నాలుగు పొరలు పడితే సూది దిగదు, తోసి తోసి వేలి చివర పోట్లు పడతాయి.
- రంగు దిగుతుందేమో చూడండి. ఒక మూల తడిపి తెల్లగుడ్డతో రుద్దితే తెలిసిపోతుంది. రెండుమూడు సార్లు ఉతికినా దిగుతుంటే ఆ చీర బొంతలో వెయ్యొద్దు.
- ఫాల్ విప్పెయ్యండి. చిన్న పనిలా కనిపిస్తుంది కానీ నాలుగు చీరలకి కూర్చుంటే టైం ఎంత పోతుందో మీకే అర్థమవుతుంది.
- జరీ అంచు ఉంటే కత్తిరించి పక్కన పెట్టండి. జరీ దగ్గర సూది ఆగిపోతుంది, దారం కూడా ఒరుసుకుని తెగుతుంది. అంచు బొంత మీద కనపడాల్సిందే అంటే ముందే చెప్పండి, దానికి టైం వేరే.
- జార్జెట్, సింథటిక్ చీరలు జారతాయి. మధ్య పొరలో వెయ్యొచ్చు, కానీ కచ్చా కుట్టు (పొరలు జరగకుండా ముందు వేసే తాత్కాలిక కుట్టు) దగ్గర దగ్గరగా వెయ్యాలి కాబట్టి పని పెరుగుతుంది.
- చిరుగులున్న చోట చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి.
- ఇచ్చే ముందు ఒక్కో చీరకి ఫోటో తీసుకోండి, ఎన్ని ఇచ్చారో ఇద్దరికీ తెలిసి ఉంటుంది.

2. సైజు, పొరలు, వరసల ఎడం ముందే తేల్చుకోండి

మామూలు చీర ఐదున్నర మీటర్లు, అంటే దాదాపు 216 అంగుళాలు. పన్నా, అంటే వెడల్పు, సుమారు 45 అంగుళాలు. చీరని మధ్యకి కత్తిరిస్తే 108 అంగుళాల ముక్కలు రెండొస్తాయి, వాటిని పక్కపక్కన జోడిస్తే 90 బై 108. డబుల్ కాట్ బొంతకి ఒక పొర ఇదే. నాలుగు పొరలు కావాలంటే నాలుగు చీరలు. (అతుకుకి, మడతకి కొంచెం పోతుంది, అది వదిలేసి లెక్కేద్దాం.)

పిల్లల బొంతకైతే అదే ఒక్క చీర చాలు. నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 45 బై 54 వస్తుంది, ఒకదాని మీద ఒకటి పరిస్తే నాలుగు పొరలు అయిపోయినట్టే.

ఇప్పుడు అసలు విషయం, వరసల మధ్య ఎడం. మజూరిలో పెద్ద భాగాన్ని నిర్ణయించేది ఇదే, చాలామంది అస్సలు అడగనిదీ ఇదే. డబుల్ బొంతకి అంగుళం ఎడంతో కుడితే 90 వరసలు, ఒక్కోటి 108 అంగుళాలు. అంతా కలిపితే దగ్గర దగ్గర 247 మీటర్ల చేతి కుట్టు! రెండంగుళాల ఎడంతో అయితే 45 వరసలు, 123 మీటర్లు. కొందరు అంచు నుంచి చుట్టూ తిప్పుకుంటూ లోపలికి కుడతారు, అప్పుడు కూడా మొత్తం పొడవు ఇంచుమించు ఇంతే వస్తుంది.

దారం లెక్క కూడా ఇక్కడే చూసుకోండి. ఒంటిపోగుతో కుట్టినా 247 మీటర్ల కన్నా ఎక్కువే పడుతుంది, ఎందుకంటే ప్రతి కుట్టుకీ దారం పొరల్లోంచి కిందికీ పైకీ పోతుంది కదా. జంటపోగు అయితే 500 మీటర్లు దాటుతుంది. దారం మీరే హైదరాబాద్ బేగంబజార్లోనో సికింద్రాబాద్ జనరల్ బజార్లోనో కొని ఇచ్చేస్తే ఆ ఖర్చు మజూరిలో కలిసిపోదు.

పిల్లల బొంత విషయంలో ఒక తప్పు అందరూ చేస్తారు. సైజు నాలుగో వంతే కదా, డబ్బులు కూడా నాలుగో వంతే అంటారు. వరసల పొడవు నిజంగానే నాలుగో వంతు. కానీ అంచు చుట్టుకొలత చూడండి, పెద్దదానికి 396 అంగుళాలు, చిన్నదానికి 198. అంటే అంచు మడిచి కుట్టే పని సగం ఉంది. పొరలు సర్దడం, కచ్చా కుట్టు కూడా నాలుగో వంతుకి దిగవు. కాబట్టి చిన్న బొంతకి పెద్దదాని రేటులో నాలుగో వంతు ఇస్తే తక్కువిచ్చినట్టే.

3. ఒక్క వరస కుట్టించి టైం తెలుసుకోండి

"ఎంత టైం పడుతుంది అక్కా" అని అడిగితే "అయిపోతుందిలేమ్మా" అంటారు. అది లెక్క కాదు. నాలుగు పొరలు పరిచి, కచ్చా కుట్టు వేసి, ఒకట్రెండు వరసలు అయ్యాక ఒక్కో వరసకి ఎంతసేపు పట్టిందో చెప్పమనండి. ఎదురుగా ఫోన్లో టైమర్ పెట్టుకుని కూర్చోకండి, పరీక్ష పెట్టినట్టు ఉంటుంది, ఆమె మామూలుగా కుట్టదు.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. ట్రయల్ వరస అన్ని పొరల మీద వెయ్యాలి, రెండు పొరల మీద చూసి నాలుగు పొరలకి లెక్కేస్తే తప్పు. ఇంకా, బియ్యపు గింజంత కుట్లు కావాలంటే టైం బాగా పెరుగుతుంది, పొడుగు కుట్లైతే తగ్గుతుంది, కాబట్టి మీకు కావాల్సిన కుట్టుతోనే ట్రయల్ వెయ్యమనండి.

ఉదాహరణకి వరసకి 20 నిమిషాలు పట్టిందనుకుందాం.
- అంగుళం ఎడం: 90 వరసలు, 30 గంటలు
- రెండంగుళాల ఎడం: 45 వరసలు, 15 గంటలు
- కత్తిరింపు, జోడింపు, కచ్చా కుట్టు, అంచు: ఇంకో 4 గంటలు అనుకుందాం

అంటే 34 గంటలు లేదా 19 గంటలు. చేతి కుట్టు రోజంతా ఎవరూ కుట్టలేరు, కళ్లు, మెడ, వేళ్లు సహకరించవు, పైగా ఆమెకి ఇంటి పని ఉంటుంది. రోజుకి నాలుగు గంటలు వేసుకున్నా 34 గంటల పనికి తొమ్మిది రోజులు. అందుకని రెండు వారాల కన్నా తక్కువ గడువు పెట్టొద్దు.

4. గంట రేటు ఎంత పెట్టాలి

కనీస వేతనం కన్నా కింద పోకూడదు, ఇది మొదటి గీత. తెలంగాణ కార్మిక శాఖ కనీస వేతనాల లిస్టులో టైలరింగ్ పని కూడా ఉంది, అందులో డీఏ (కరువు భత్యం) ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్లో అక్టోబర్లో మారుతుంది, కాబట్టి తాజా లిస్టు చూసుకోండి. నెల జీతాన్ని 26తో భాగిస్తే రోజు కూలి, దాన్ని 8తో భాగిస్తే గంట.

లిస్టులో నెలకి 13,000 ఉందనుకోండి. రోజుకి 500, గంటకి 62 రూపాయల 50 పైసలు.

దీనికి పైన కొంత కలపాలి. షాపులో పనిచేసే టైలర్‌కి మిషన్, కరెంటు, చోటు ఓనర్‌వి. ఇంట్లో కుట్టే ఆమెకి సూదులు, లైటు, బొంత పరిచేంత చోటు అన్నీ తనవే. ఆర్డర్ లేని రోజు పైసా రాదు. చేతి కుట్టు నేర్పున్న పని కూడా. అందుకే నా లెక్కలో కనీస వేతనం మీద పావు వంతు నుంచి సగం దాకా కలపడం న్యాయం. పైన 62 అయితే 80 నుంచి 95 మధ్య. ఆమె అంతకన్నా ఎక్కువ చెప్తే, పని చూసి నచ్చితే ఆమె రేటే ఇవ్వండి.

5. మొత్తం కలిపి చూద్దాం

గంటకి 80 చొప్పున:
- అంగుళం ఎడం, 34 గంటలు: 2,720 రూపాయలు
- రెండంగుళాల ఎడం, 19 గంటలు: 1,520 రూపాయలు
- దారం, అంచు బట్ట: బిల్లు ప్రకారం విడిగా
- రాకపోకలు: విడిగా

ఇప్పుడు 34 గంటల బొంతకి 800 ఇస్తే ఎంత పడుతుందో చూడండి. గంటకి 24 రూపాయలు కూడా కాదు. చాలా ఇళ్లల్లో ఇదే జరుగుతోంది, ఇచ్చేవాళ్లు చెడ్డవాళ్లని కాదు, ఎవరూ గంటలు లెక్కెయ్యకపోవడం వల్ల. నాకు బాధ కలిగించేది ఇదే.

2,720 మీ చేతిలో లేకపోతే అడగాల్సింది ఇలా: "అక్కా, నా దగ్గర పదిహేనొందల దాకా ఉంది, ఎడం పెంచి కుడతారా?" పొరలు తగ్గించొచ్చు, సైజు తగ్గించొచ్చు, మధ్యలో ఎడం పెంచి అంచుల దగ్గర మాత్రమే దగ్గరగా కుట్టించొచ్చు. ఇవన్నీ మర్యాదైన బేరాలే. అదే అంగుళం ఎడం, అదే నాలుగు పొరలు, కానీ సగం డబ్బులు అనడం మాత్రం వద్దు.

"ఆన్‌లైన్లో కంఫర్టర్ ఇంతకన్నా తక్కువకే వస్తుంది కదా" అనేవాళ్లకి, అది మిషన్ మీద చేసిన పాలిస్టర్ సరుకు, అది చాలనుకుంటే అదే కొనుక్కోండి, ఆమె ముందు ఆ రేటు తియ్యకండి.

మిషన్ కుట్టు బొంతకి కూడా ఇదే పద్ధతి. గంటలు తగ్గుతాయి, కానీ మందం మీద 16, 18 నంబరు సూదులు పడతాయి, విరుగుతాయి కూడా, కరెంటు, ఆయిల్ ఉంటాయి, కాబట్టి గంట రేటు కొంచెం ఎక్కువ పెట్టండి. దూది రజాయి అయితే దూది ఏకించే ఖర్చు వేరే వాళ్లకి పోతుంది, దాన్ని కుట్టు మజూరిలో కలపకండి.

6. రేటు మాట్లాడేటప్పుడు

ఇది కొంచెం నెమ్మదిగా చదవండి. మీరు "ఎంతివ్వమంటారు అక్కా" అంటారు. ఆమె మూట విప్పుతూ చీర అంచుని రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తుంది, మీ మొహం చూడకుండానే "మీ ఇష్టం అమ్మా, మీరు ఎంతిస్తే అంత" అంటుంది. దాన్ని రేటుగా తీసుకోకండి. ఎక్కువ చెప్తే ఆర్డర్ పోతుందన్న భయం అందులో ఉంటుంది, పాత పరిచయం ఉంటే మొహమాటం కూడా. అప్పుడు మీరే లెక్క బయటపెట్టండి: "90 వరసలు అక్కా, వరసకి 20 నిమిషాలు అన్నారు కదా, గంటకి 80 వేసుకుంటే ఇంత వస్తుంది, మీకు సరిపోతుందా, తక్కువైతే చెప్పండి." అడిగి ఆగండి. వెంటనే ఇంకో మాట అనకండి, ఆలోచించుకోనివ్వండి.

పాతబస్తీలో ఖాలానో ఆపానో కుడుతున్నా, కూకట్‌పల్లిలో పక్కింటి పిన్ని కుడుతున్నా ఇదే. తెలిసినవాళ్లు కదా అని తగ్గించడం మామూలు అయిపోయింది, నిజానికి తెలిసినవాళ్ల దగ్గరే లెక్క ఇంకా స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే వాళ్లు మనల్ని అడగలేరు.

ముందే తేలాల్సినవి:
- సైజు, పొరలు, ఎడం, కుట్టు చిన్నదా పెద్దదా
- మొత్తం మజూరి, దారం ఎవరిది
- ఎప్పటికి అవుతుంది
- ఎవరు తెస్తారు, ఎవరు తీసుకెళ్తారు
- మధ్యలో మార్పులు చేస్తే గంటకి ఎంత

ఇవన్నీ ఒక వాయిస్ మెసేజ్‌గా వాట్సాప్‌లో పెట్టండి. చదవడం ఇబ్బందైన వాళ్లకి కూడా ఉపయోగం, రేపు ఇద్దరిలో ఎవరైనా మర్చిపోతే వినొచ్చు.

7. బయానా (అడ్వాన్స్), బ్యాలెన్స్, దారి ఖర్చు

బయానా సగం ఇవ్వండి. దారం, అంచు బట్ట ఆమె కొంటుంటే ఆ డబ్బులు మొత్తం ముందే ఇవ్వాలి, ఆమె చేతి డబ్బుతో మన సరుకు కొనించకూడదు. పెద్ద పని అయితే మధ్యలో సగం వరసలు అయ్యాక ఇంకో పావు వంతు ఇస్తే ఆమెకి ఇల్లు గడుస్తుంది.

మిగిలింది బొంత చేతికి తీసుకున్న నిమిషంలోనే. "సాయంత్రం వేస్తా" అని మూట పట్టుకెళ్లడం వద్దు. ఆ సాయంత్రం వారం అవుతుంది, ఆమె ఫోన్ చెయ్యడానికి మొహమాటపడుతుంది.

ఆడవాళ్లకి ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు 2023 డిసెంబర్ నుంచి ఫ్రీ కదా, దారి ఖర్చు ఎందుకు అని కొందరంటారు. నాలుగు చీరల బొంత చంకలో పెట్టుకుని రష్‌లో బస్సెక్కడం, దిగాక మీ గేటెడ్ కమ్యూనిటీ దాకా నడవడం చిన్న విషయం కాదు. ఆటో డబ్బులు ఇవ్వండి లేదా మీరే వెళ్లి తెచ్చుకోండి. గేటు దగ్గర సెక్యూరిటీకి ముందే చెప్పి పెట్టండి, అక్కడ అరగంట నిలబడితే అది కూడా ఆమె టైమే.

8. టిప్పు ఎప్పుడు, ఎంత, ఎలా

మజూరి సరిగ్గా ఇచ్చాక టిప్పు తప్పనిసరి అయితే కాదు. పని నచ్చితే మజూరిలో పదో వంతు మంచి టిప్పు, 2,720కి 280 కలిపి 3,000 ఇస్తే ఇద్దరికీ సంతోషం. కానీ కలిపి ఇచ్చేటప్పుడు "మజూరి ఇంత, ఇది మీకు నా తరపున" అని విడగొట్టి చెప్పండి, లేకపోతే వచ్చేసారి రేటు ఏదో అర్థం కాదు.

టిప్పు తప్పకుండా ఇవ్వాలనిపించే సందర్భాలు:
- మీరు చూడని చిరుగు ఆమె చూసి, చెప్పకుండానే లోపలి నుంచి అతుకు వేస్తే
- అమ్మమ్మ చీర పువ్వు సరిగ్గా మధ్యలో వచ్చేలా సర్దితే
- చెప్పిన రోజు కన్నా ముందే ఇస్తే

టిప్పులో కలపకూడనివి: తొందర పని, మధ్యలో మీరు మార్చిన సైజు, అదనంగా కుట్టించిన దిండు గలీబు. ఇవి బాకీ కిందికే వస్తాయి, గంట రేటు ప్రకారం కట్టాలి. పండగ ముందు తొందరపెడితే గంట రేటు మీద పావు వంతు ఎక్కువ ఇవ్వండి, ఎందుకంటే దసరాకో రంజాన్‌కో ఆమె తన ఇంటి పని ఆపుకుని మీది కుడుతుంది.

పాత చీరలు, మిగిలిన స్వీట్లు, జాకెట్ ముక్క డబ్బుకి బదులు కావు. జాకెట్ ముక్క పెట్టి పసుపు కుంకుమ ఇవ్వడం మన ఆనవాయితీ, సంతోషంగా ఇవ్వండి, డబ్బు ఇచ్చాక ఇవ్వండి.

ఇంకొకటి, ఫోన్‌పే నంబర్ ఎవరిదో చూసుకోండి. చాలాసార్లు అది భర్తదో కొడుకుదో ఉంటుంది, డబ్బు పడిందని ఆమెకి తెలిసేది వాళ్లు చెప్తేనే. "అక్కా ఏ నంబర్‌కి వెయ్యమంటారు, క్యాష్ కావాలా" అని ఆమెనే అడగండి. టిప్పు మాత్రం వీలైనంత వరకు నోట్ల రూపంలో ఆమె చేతిలోనే పెట్టండి.

9. తేడా వస్తే ఎవరు భరించాలి

బొంతని పట్టుకెళ్లే ముందు అక్కడే నేల మీద పరిచి చూడండి. ఎడం మీ వేళ్లతో నాలుగైదు చోట్ల కొలవండి, అంచుల దగ్గర లాగి చూడండి, వెనక్కి తిప్పి లోపలి పొర ముద్ద కట్టిందేమో చూడండి.

- పొరలు జరిగి ముడతలొచ్చాయి, చీరలన్నీ కాటనే: కచ్చా కుట్టు సరిపోలేదు. ఆ భాగం విప్పి మళ్లీ కుట్టమనండి, దానికి విడిగా డబ్బులు అక్కర్లేదు.
- మీరు జార్జెట్ కలిపి ఇచ్చారు, అందుకే జరిగింది: విప్పి కుట్టే టైంకి మీరే కట్టాలి.
- మొదటి ఉతుకులో రంగు దిగింది: చీర మీది, చూసుకోవాల్సింది మీరు.
- ఎడం చెప్పినదానికన్నా ఎక్కువొచ్చింది: మధ్యలో వరసలు వేయించండి. అలా వద్దనుకుంటే తగ్గిన వరసలకే తగ్గించండి, మొత్తం మీద కోసెయ్యకండి.
- లేటైంది: కారణం అడగండి. పిల్లలకి జ్వరమో కరెంటు కోతో ఉంటుంది. లేట్‌కి డబ్బు కోత పెట్టాలనుంటే అది ముందే చెప్పి ఉండాలి, చివర్లో కొత్తగా తియ్యడం అన్యాయం.

10. మీరు బొంతలు కుట్టించి అమ్మేవాళ్లైతే

ఇంట్లో వాడుకునేవాళ్లకన్నా మీకు బాధ్యత ఎక్కువ. పీస్ రేటు పెట్టే ముందు పైన చెప్పిన గంటల లెక్క వేసి, పీస్ రేటు దానికన్నా తగ్గకుండా చూడండి. శాంపిల్ పీస్‌కి కూడా డబ్బులు ఇవ్వాలి. కస్టమర్ మనసు మార్చుకుని ఆర్డర్ క్యాన్సిల్ చేస్తే అప్పటిదాకా కుట్టిన వరసలకి ఆమెకి కట్టాలి, మీ నష్టం ఆమె మీదికి తోసెయ్యొద్దు. మధ్యలో మనిషిని పెట్టుకుంటే అతని కమిషన్ మీ జేబులోంచి ఇవ్వండి, కుట్టిన ఆమెకి చేరేది ఎంతో ఆమెనే నేరుగా అడిగి తెలుసుకోండి.

కస్టమర్ ఇచ్చిన టిప్పు మొత్తం కుట్టిన చేతికే పోవాలి.

11. డబ్బు కాకుండా చెయ్యగలిగేవి

ఇంట్లో పనిచేసుకునేవాళ్లు కూడా ఈ-శ్రమ్‌లో (అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్) ఉచితంగా నమోదు చేసుకోవచ్చు, వయసు 16 నుంచి 59 మధ్య ఉండాలి. ఆధార్, దానికి లింకైన ఫోన్, బ్యాంకు ఖాతా దగ్గర పెట్టుకుని పక్కన కూర్చుంటే పని అయిపోతుంది. మిషన్ కుట్టు చేసే ఆమె అయితే చేతివృత్తుల వాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ పని కూడా ఉందని చెప్పండి, పనిముట్లకి 15,000 దాకా వోచర్, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయల లోను అందులో ఉన్నాయి. ఓటీపీలు మాత్రం ఆమె ఫోన్లో ఆమే చూసి చెప్పాలి, ఎవరికీ ఇవ్వొద్దని కూడా చెప్పండి.

ఆమె నంబర్ మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాలనుకుంటే ముందు ఆమెని అడగండి. సరేనంటే నంబర్‌తో పాటు రేటు కూడా రాయండి, "గంటకి 80, దారం విడిగా, సగం బయానా, రెండు వారాల టైం" అని. అలా పెడితే తర్వాత ఫోన్ చేసేవాళ్లు ఆ రేటు నుంచే మాట మొదలుపెడతారు, ఆమె ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకోవాల్సిన పని ఉండదు.